హైస్కూల్ పిల్లలకు విమానం ఎలా ఎగురుతుందో నేర్పడం: టేబుల్ ఫ్యాను, కాటా, చార్టు ముక్కతో మొదలుపెట్టండి

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ప్రయాణికుల విమానాశ్రయం ఇంకా లేదు. విమానాశ్రయం వస్తుందంటూ దగదర్తి పేరు ఏళ్లుగా పేపర్లలో చూస్తూనే ఉన్నాం. మన పిల్లల్లో చాలామందికి విమానమంటే ఆకాశంలో సాగే తెల్లటి గీత, లేదా బంధువుల్ని సాగనంపడానికి చెన్నై దాకా వెళ్లి అద్దాల బయట నిలబడిన జ్ఞాపకం. అయినా అంత బరువున్న వస్తువు గాలిలో ఎలా నిలబడుతుందని అడగని పిల్లవాడు నాకు ఇంతవరకు తగల్లేదు. "రెక్కాడించకుండా ఎట్ట ఎగురుద్ది సార్?" అన్న ఆ ఒక్క ప్రశ్న చాలు, పాఠం మొదలుపెట్టడానికి.

ఫిజికల్ సైన్స్ చెప్పే టీచర్లు, సెలవులకు ఊరికొచ్చిన ఇంజనీరింగ్ పిల్లలు, ఓపికున్న తల్లిదండ్రులు ఎవరైనా ఈ పని చేయొచ్చు. ఎనిమిది నుంచి పది తరగతుల పిల్లలు, ఐదారు శనివారాలు సరిపోతాయి. ఎనిమిదిలో పీడనం, తొమ్మిదిలో న్యూటన్ సూత్రాలు ఎటూ చదువుతారు కాబట్టి సిలబస్‌కు దూరం పోతున్నామన్న బెంగ అక్కర్లేదు. నా పట్టుదల ఒక్కటే. ఏ పేరూ, ఏ సూత్రమూ ముందుగా బోర్డు మీద రాయకండి. పిల్లలు చేత్తో పట్టుకుని, అంకె కళ్లారా చూసుకున్న తర్వాతే దానికి పేరు పెట్టండి.

కావలసినవి: ఒక టేబుల్ ఫ్యాను, ఒక గ్రాము తేడా చూపించే వంటింటి డిజిటల్ కాటా, కొలిచే టేపు, కోణమానిని, మందపాటి అట్ట, చార్టులు, సన్నటి వెదురు పుల్లలు, బంకమట్టి, ఉన్నిదారం, కాగితపు స్ట్రాలు. ఫ్యాను, కాటా ఎవరి ఇంటి నుంచైనా తెచ్చుకోవచ్చు.

మొదటి మెట్టు: గదిలో గాలిని తూకం వేయండి

గాలికి బరువుందా అని అడిగితే అందరూ ఉందనే అంటారు, పుస్తకంలో ఉంది గనక. ఈ తరగతి గదిలో ఉన్న గాలి ఎంత బరువుంటుందని అడగండి. పావుకిలో అంటారు, అరకిలో అంటారు, ధైర్యం చేసినవాళ్లు రెండు కిలోలంటారు. అందరి అంచనాలూ బోర్డు మీద రాసి టేపు చేతికివ్వండి. గది 8 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, 3 మీటర్ల ఎత్తు ఉందనుకుందాం. 144 ఘనపు మీటర్లు. సముద్ర మట్టం దగ్గర ఒక ఘనపు మీటరు గాలి సుమారు 1.2 కిలోలు తూగుతుంది. గుణిస్తే 170 కిలోలు దాటింది, రెండు వడ్ల బస్తాల కంటే ఎక్కువ. ఈ లెక్క పిల్లలే చేయాలి. విమానం ఖాళీలో తేలడం లేదని, బరువున్న పదార్థాన్ని తోసుకుంటూ పోతోందని వాళ్లకు అర్థమయ్యేది ఇక్కడే.

పీడనం కోసం ఎక్కువసేపు ఆగక్కర్లేదు. నిండు గ్లాసు మీద అట్టముక్క పెట్టి తలకిందులు చేస్తే చాలు. ఒక్క అంకె మాత్రం బోర్డు మీద చెరపకుండా ఉంచండి: సముద్ర మట్టంలో ప్రతి చదరపు మీటరు మీద గాలి 10 టన్నులకు పైగా బరువుతో నొక్కుతుంది. తర్వాత దీంతో పనుంది.

రెండో మెట్టు: ఫ్యాను ముందు రెక్క

మొత్తం కార్యక్రమంలో ఎక్కువ సమయం ఇవ్వాల్సింది దీనికే. ఒక శనివారమంతా దీనికే పోయినా నష్టం లేదు.

ముందు ప్రతి ఒక్కరూ అట్టముక్కను రెండు చేతులతో పట్టుకుని ఫ్యాను ముందు నిలబడాలి. అట్టను గాలికి సమంగా పెడితే ఏమీ తెలియదు. ముందంచు కొంచెం పైకెత్తితే అట్ట పైకి లేవాలని చూస్తుంది. ఇంకా ఎత్తితే పైకి లేపడం తగ్గి, వెనక్కి తోయడం ఎక్కువవుతుంది. ఇదంతా మీరు చెప్పకుండానే, వాళ్ల మణికట్టుకు తెలిసిపోతుంది.

తర్వాత కొలత. 30 సెంటీమీటర్ల పొడవు, 10 సెంటీమీటర్ల వెడల్పున అట్ట రెక్క కత్తిరించండి. ఇసుక నింపిన అరలీటరు సీసాలో వెదురు బద్ద నిలబెట్టి, దాని పైకొసకు ఈ రెక్కను కోణం మార్చుకునే వీలుండేలా బిగించండి. సీసాను కాటా మధ్యలో పెట్టండి. రెక్క కాటాకు ఒకటిన్నర అడుగు ఎత్తున ఉండాలి, ఫ్యానునూ అదే ఎత్తున ఒక స్టూలు మీద పెట్టాలి. గాలి నేరుగా కాటాకు తగిలితే అంకె నిలవదు. అందుకని కాటా ముందు ఒక అట్టపెట్టె అడ్డం పెట్టండి.

ఇంకో చిక్కుంది. ఫ్యాను గాలి సుడులు తిరుగుతూ వస్తుంది. కాగితపు స్ట్రాలను పక్కపక్కనే పేర్చి, చట్రంలా కట్టి ఫ్యానుకూ రెక్కకూ మధ్య నిలబెడితే గాలి చాలావరకు తిన్నగా వస్తుంది. పరిశోధనశాలల్లో గాలిని పంపి నమూనాలను పరీక్షించే సొరంగాల్లో, అంటే విండ్ టన్నెల్స్‌లో ఉండే తేనెపట్టు జాలీ చేసేదీ ఇదే పని. ఆ మాట పిల్లలకు చెప్పండి, తాము చేస్తున్నది నిజమైన పని అన్న నమ్మకం కలుగుతుంది.

ఫ్యాను ఆపి ఉన్నప్పటి బరువు రాసుకోండి. ఫ్యాను వేసి రెక్కను 0, 5, 10, 15, 20, 25 డిగ్రీల దగ్గర ఆపుతూ కాటా ఎన్ని గ్రాములు తగ్గిందో చూడండి. తగ్గిన ఆ బరువే రెక్క పుట్టించిన లిఫ్ట్, అంటే పైకి లేపే బలం. మామూలు టేబుల్ ఫ్యానుకు మహా అయితే 20 గ్రాముల చుట్టుపక్కల వస్తుంది. అంకె పెద్దదా చిన్నదా అన్నది ముఖ్యం కాదు, అది ఎలా మారుతోందో చూడాలి. కోణం పెరిగేకొద్దీ లిఫ్ట్ పెరుగుతుంది, పది పదిహేను డిగ్రీలు దాటాక ఆ పెరుగుదల మందగిస్తుంది. గ్రాఫు కాగితం మీద గీయించండి. ఎదురుగాలికి రెక్క చేసే ఈ కోణాన్ని పైలట్లు యాంగిల్ ఆఫ్ అటాక్ అంటారని అప్పుడు చెప్పండి.

చివరిగా రెండంగుళాల ఉన్నిదారం ముక్కల్ని రెక్క పైభాగంలో వరసగా ముందుకొసలే అంటించి, మళ్లీ కోణాలు మార్చండి. తక్కువ కోణంలో దారాలు రెక్కను అంటుకుని వెనక్కి వాలి ఉంటాయి. కోణం బాగా పెరిగాక కొట్టుకుంటాయి, కొన్ని ముందుకు కూడా తిరుగుతాయి. గాలి రెక్కను విడిచిపెట్టిందన్నమాట. దీన్నే స్టాల్ అంటారు. ఇంజిన్ ఆగడానికీ దీనికీ సంబంధం లేదని గట్టిగా చెప్పండి, ఎందుకంటే పెద్దవాళ్లు కూడా చాలామంది అలాగే అనుకుంటారు.

మూడో మెట్టు: లిఫ్ట్ గురించి తప్పు చెప్పకుండా ఉండడం

చాలా పుస్తకాల్లో, వీడియోల్లో ఒక కథ ఉంటుంది. రెక్క ముందంచు దగ్గర విడిపోయిన గాలి వెనకంచు దగ్గర మళ్లీ ఒకేసారి కలుసుకోవాలి, పైదారి పొడవు కాబట్టి పైగాలి తొందరగా పోవాలి, తొందరగా పోతే పీడనం తగ్గుతుంది అని. వినడానికి ముచ్చటగా ఉంటుంది గానీ నిజం కాదు. రెండు గాలులూ ఒకేసారి కలుసుకోవాలన్న నియమం ప్రకృతిలో ఎక్కడా లేదు. విండ్ టన్నెల్‌లో పొగ వదిలి చూస్తే పైగాలి కిందిగాలి కంటే ముందే వెనకంచు చేరుతుంది. పైగా గాలిపటం చదునుగా ఉంటుంది, అదీ ఎగురుతుంది. మన వైమానిక దళంలో గాలిలో విన్యాసాలు చేసే సూర్యకిరణ్ జట్టు హాక్ విమానాలను తలకిందులుగా కూడా నడుపుతుంది. రెక్క పైవంపు ఒక్కటే కారణమైతే ఆ విమానం నేలకు దిగిపోవాలి కదా అని పిల్లల్నే అడగండి.

మరి అసలు సంగతి ఏమిటి? రెక్క గాలిని కిందికి వంచుతుంది. గాలికి బరువుందని మొదటి వారమే చూశారు, బరువున్నదాన్ని కిందికి తోస్తే అది మనల్ని పైకి తోస్తుంది. న్యూటన్ మూడో సూత్రం ఇదే. ఆ తోపు రెక్కకు ఎలా అందుతుందంటే పైన పీడనం తగ్గి, కింద పెరిగి. గాలి వేగం పెరిగినచోట పీడనం తగ్గుతుందనే బెర్నూలీ సూత్రమూ, న్యూటన్ సూత్రమూ ఒకదానికొకటి పోటీ కాదు, ఒకే సంగతిని రెండు వైపుల నుంచి చూడడం. బెర్నూలీ సూత్రంలో తప్పేమీ లేదు, పైగాలి ఎందుకు వేగంగా పోతుందో చెప్పే ఆ కథలోనే తప్పుంది.

దీన్ని ఒక కాగితంతో చూపించవచ్చు. పొడవాటి కాగితం ముక్క ఒక చివర పెదవి కింద పెట్టుకుని పైన ఊదితే, వేలాడే కాగితం లేస్తుంది. వేగంగా పోయే గాలిలో పీడనం తక్కువని చెప్పి అక్కడితో వదిలేస్తుంటారు. ఇప్పుడు అదే కాగితాన్ని నిలువుగా, వంపు లేకుండా వేలాడదీసి ఒక పక్కగా కిందికి ఊదించండి. కాగితం గాలి వైపు పెద్దగా కదలదు. రెండుసార్లూ ఊదింది ఒకే నోరు. తేడా వంపులో ఉంది. ఊదిన గాలి కాగితం వంపును అంటుకుని తానూ వంగింది, వంగినచోట పీడనం తగ్గింది. దీని మీద పిల్లల్ని వాదించుకోనివ్వండి, జవాబు చెప్పడానికి తొందరపడకండి.

ఇక బోర్డు మీద చెరపకుండా ఉంచిన అంకె దగ్గరికి. ఎయిర్‌బస్ ఎ320 నిండుగా బయల్దేరితే సుమారు 78 టన్నులు. దాని రెక్కల వైశాల్యం సుమారు 122 చదరపు మీటర్లు. భాగిస్తే చదరపు మీటరుకు 640 కిలోల లోపే. గాలి పీడనమేమో చదరపు మీటరుకు 10 టన్నులకు పైనే. అంటే రెక్క కిందికీ పైకీ మధ్య ఆరు శాతం పీడనం తేడా ఉంటే ఆ విమానం లేస్తుంది. ఇంత పెద్ద విమానం, ఇంత చిన్న తేడా. ఈ భాగహారం చేసిన పిల్లల ముఖాలు చూడండి.

నాలుగో మెట్టు: వేగం, రన్‌వే, మన ఎండలు

ఫ్యాను వేగం మారుస్తూ కాటా చూస్తే, గాలి వేగంతో పాటు లిఫ్ట్ చాలా తొందరగా పెరుగుతుందని తెలుస్తుంది. వేగం రెట్టింపైతే లిఫ్ట్ నాలుగు రెట్లు. నిండు విమానం నేల విడవాలంటే గంటకు 250 కిలోమీటర్ల పైచిలుకు వేగం అందుకోవాలి. అందుకే అంత పొడవు రన్‌వే.

దీనికి మన దగ్గరే మంచి ఉదాహరణ ఉంది. అద్దంకి దగ్గర 16వ నంబరు జాతీయ రహదారిలో 4.1 కిలోమీటర్ల ముక్కను అత్యవసర ల్యాండింగ్ కోసం కట్టారు. 2024 మార్చి 18న వైమానిక దళం ఏఎన్-32, డోర్నియర్ రవాణా విమానాలు అక్కడ దిగాయి, సుఖోయ్-30, హాక్ విమానాలు తక్కువ ఎత్తులో వచ్చి దిగకుండా వెళ్లిపోయాయి. ఒంగోలు నుంచి గుంటూరు వైపు బస్సులో పోయేటప్పుడు ఆ చోట రోడ్డు ఎంత తిన్నగా, ఎంత వెడల్పుగా ఉందో గమనించమని చెప్పండి. మధ్యలో శాశ్వతమైన డివైడర్ ఎందుకు కట్టలేదో వాళ్లే చెబుతారు.

మన ఎండల్నీ లెక్కలోకి తీసుకోండి. రోహిణి కార్తెలో ఉష్ణోగ్రత 45 డిగ్రీలు తాకిన మధ్యాహ్నం గాలి సాంద్రత, 15 డిగ్రీలప్పటి కంటే తొమ్మిది శాతం దాకా తక్కువ. పల్చటి గాలిలో అదే లిఫ్ట్ రావాలంటే ఇంకా వేగం కావాలి, ఇంకా పొడవు పరుగు కావాలి, ఇంజిన్ బలమూ తగ్గుతుంది. కొన్నిసార్లు విమాన సంస్థలు సామాను తగ్గించాల్సి వచ్చేది ఇందుకే.

స్కూల్ గ్రౌండులో సున్నంతో ఒక రన్‌వే గీయించండి. ఫోనులో దిక్సూచి పెట్టి అది ఎన్ని డిగ్రీల దిక్కులో ఉందో చూసి, పదితో భాగించి, దగ్గరి పూర్ణసంఖ్యను కొసన రాయించండి. చెన్నైలో ప్రధాన రన్‌వే కొసల అంకెలు 07, 25. ఒకటి 70 డిగ్రీల దిక్కు, ఇంకొకటి 250. ఏ రన్‌వేకైనా రెండు కొసల అంకెల తేడా 18 ఎందుకవుతుందో ఇంటిపనిగా ఇవ్వండి. విమానం వీలైనంతవరకు గాలికి ఎదురుగానే ఎందుకు లేస్తుందో కూడా ఇక్కడే తేలిపోతుంది. ఎదురుగాలి ఎంత ఉంటే నేల మీద అంత వేగం తక్కువైనా సరిపోతుంది.

ఐదో మెట్టు: పుల్ల, చార్టు, బంకమట్టితో గ్లైడర్

గ్లైడర్ అంటే ఇంజిన్ లేకుండా గాలిలో జారుతూ పోయే విమానం. ఇప్పటిదాకా కొలిచినవన్నీ ఒకచోట కలిసేది ఇక్కడే. ముగ్గురికో గ్లైడర్ చాలు. ఒక్కొక్కరికి ఒకటి ఇస్తే మాట్లాడుకోరు.

30 సెంటీమీటర్ల వెదురు పుల్ల ఒళ్లు. రెక్కకు చార్టును 30 సెంటీమీటర్ల పొడవు, 7 సెంటీమీటర్ల వెడల్పున కత్తిరించి, ముందంచును ఒక సెంటీమీటరు లోపలికి మడిచి అంటించండి, లేకపోతే గాలికి వంగిపోతుంది. మధ్యలో చిన్నగా మడిచి రెండు కొసలూ రెండు మూడు సెంటీమీటర్లు పైకి లేచేలా చేయండి. ఒక పక్కకు ఒరిగినప్పుడు గ్లైడర్ తనంతట తాను సర్దుకోవడానికి ఆ మడత. తోకకు 10 సెంటీమీటర్ల పొడవు, 4 సెంటీమీటర్ల వెడల్పు ముక్క ఒకటి అడ్డంగా, 4 సెంటీమీటర్ల చదరం ఒకటి నిలువుగా. రెక్కను పుల్ల ముందుభాగంలో మూడో వంతు దగ్గర పెట్టి, ముక్కు కొసన బంకమట్టి ముద్ద.

రెక్క కింద, ముందంచు నుంచి రెక్క వెడల్పులో పావు నుంచి మూడోవంతు వెనక్కి, రెండు వేళ్లు ఆనించి పట్టుకుంటే గ్లైడర్ తూగాలి. తూగకపోతే మట్టి కలుపుతూ తీస్తూ సరిచేయండి. బరువు కేంద్రం వెనక్కి పోతే ఎంత బలంగా విసిరినా ఉపయోగం లేదు. నిజమైన విమానంలో సామాను ఎక్కడ పెట్టాలో లెక్కగట్టేదీ ఇందుకే.

తూర్పు తీరంలో మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తుంది, మైపాడు, కొత్తపట్నం వైపు బళ్లల్లో మరీనూ. పొద్దున్నే చేయండి, లేదా హాలులో. భుజం ఎత్తు నుంచి, నేలకు సమాంతరంగా, మెల్లగా తోయాలి. పైకి విసరొద్దు. గ్లైడర్ ముక్కు లేపి, ఆగి, టపీమని పడిందా? స్టాల్ అయింది, ముక్కుకు కాస్త మట్టి కలపండి. తిన్నగా నేలకు గుద్దుకుందా? మట్టి తీయండి, లేదా అడ్డతోక వెనకంచు రవ్వంత పైకి వంచండి. ఒక పక్కకు తిరుగుతోందా? నిలువు తోక వెనకంచును అవతలి పక్కకు కొంచెం వంచండి. ఒకసారికి ఒకటే మార్చాలి, మార్చింది నోటుబుక్కులో రాయాలి. బహుమతి ఎక్కువ దూరం పోయిన గ్లైడర్‌కు మాత్రమే ఇవ్వకండి. ప్రతి మార్పూ, దాని ఫలితమూ శుభ్రంగా రాసుకున్న జట్టుకూ ఇవ్వండి. ఇంజనీర్లు చేసేది ఆ పనే.

విసిరిన ఎత్తునూ పోయిన దూరాన్నీ కొలిచి, దూరాన్ని ఎత్తుతో భాగించి గ్లైడ్ నిష్పత్తి కట్టించండి. మీటరున్నర ఎత్తు నుంచి ఏడు మీటర్లు పోతే ఐదుకు కాస్త తక్కువ. పెద్ద ప్రయాణికుల విమానాలు పదిహేను దాటుతాయి. అంటే ఇంజిన్లు ఆగినా విమానం రాయిలా పడిపోదు. 1983 జూలై 23న ఎయిర్ కెనడా బోయింగ్ 767లో ఇంధనాన్ని కిలోల్లో లెక్కించాల్సిన చోట పౌండ్ల లెక్క కలిసిపోయి, మధ్య ఆకాశంలో ఇంధనం అయిపోయింది. పైలట్లు దాన్ని గ్లైడర్‌గా నడిపి గిమ్లీ అనే పాత వైమానిక స్థావరంలో దించారు, అందరూ బతికారు. జవాబు పక్కన ప్రమాణం రాయడం ఎందుకో ఇంతకంటే బాగా చెప్పే పాఠం నాకు తెలియదు.

ఆరో మెట్టు: తిప్పడం

గ్లైడర్ రెక్కల వెనకంచు కొసల్లో చిన్న రెప్పలు కత్తిరించి, ఒకటి పైకి, ఒకటి కిందికి వంచితే ఒరుగుతుంది. వీటిని ఎయిలరాన్లు అంటారు. అడ్డతోక మీదివి ఎలివేటర్లు, నిలువు తోకది రడ్డర్. చుక్కానితో పడవ తిరిగినట్టు రడ్డర్‌తో విమానం తిరుగుతుందని అందరూ అనుకుంటారు. కానీ విమానం ముఖ్యంగా ఒరగడం వల్ల తిరుగుతుంది. ఒరిగినప్పుడు లిఫ్ట్ కూడా పక్కకు వాలి, విమానాన్ని ఆ వైపు లాగుతుంది. కంప్యూటర్ ల్యాబ్ ఉంటే ఫ్లైట్‌గేర్ అనే ఉచిత సిమ్యులేటర్ వేసి చూపించండి. అయితే గ్లైడర్ పని పూర్తయ్యాకే, ముందు పెడితే పిల్లలు అది ఆటగానే చూస్తారు.

ఏడో మెట్టు: తలెత్తి చూడడం

విమానాల జాడ చూపించే ఫ్లైట్‌రాడార్24 లాంటి యాప్ తెరిచి, మన మీదుగా పోయే విమానం ఎక్కడి నుంచి ఎక్కడికో, ఎంత ఎత్తులో ఉందో రాసుకోమనండి. ఎత్తు 35,000 అడుగులుంటే బయట సున్నాకు యాభై డిగ్రీలకు పైగా దిగువన ఉంటుందని చెప్పి, లోపల మనుషులు ఎలా ఊపిరి పీలుస్తున్నారో అడగండి. చెన్నై విమానాశ్రయం వాతావరణ నివేదికను, పైలట్లు మెటార్ అనేదాన్ని, చదవడం నేర్పండి. గాలి ఏ దిక్కు నుంచి, ఎన్ని నాట్ల వేగంతో వీస్తోందో అందులో ఉంటుంది. ఒక నాట్ గంటకు 1.852 కిలోమీటర్లు. అది చూసి ఆరోజు ఏ రన్‌వే కొస వాడుతున్నారో పిల్లలు ఊహించి, యాప్‌లో సరిచూసుకోవచ్చు.

ఎండాకాలం పదకొండు గంటలప్పుడు గద్ద రెక్కాడించకుండా గుండ్రంగా తిరుగుతూ పైకి పోతుంటే చూపించండి. వేడెక్కిన నేల నుంచి లేచే గాలిని అది వాడుకుంటోంది, గ్లైడర్ పైలట్లూ అదే చేస్తారు. వీలైతే ఉమ్మడి నెల్లూరు జిల్లాలోని నేలపట్టుకు తీసుకెళ్లండి. అంత బరువైన పెలికాన్ నీటి మీద పరుగెత్తి లేవడం చూస్తే రన్‌వే పాఠం మళ్లీ చెప్పనక్కర్లేదు. శ్రీహరికోటలో ప్రయోగం చూసే గ్యాలరీకి ఆన్‌లైన్‌లో పేరు నమోదు చేసుకుంటే ప్రవేశం ఉంటుంది. రాకెట్‌కు రెక్క ఎందుకు అక్కర్లేదో, ఆక్సిజన్ తనతోనే ఎందుకు మోసుకెళ్తుందో అక్కడ మాట్లాడండి.

ఎనిమిదో మెట్టు: "నేను పైలట్ కావాలంటే?"

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. నిజం చెప్పండి. విమానయానమంటే పైలట్ ఒక్కడే కాదు. విమానాల మెయింటెనెన్స్ ఇంజనీర్లు, ఎయిర్ ట్రాఫిక్ కంట్రోలర్లు, డిజైన్ ఇంజనీర్లు, డ్రోన్ పైలట్లు ఉన్నారు. దాదాపు అన్ని దారులకూ ఇంటర్‌లో ఎంపీసీ మేలు. మన దేశంలో స్టూడెంట్ పైలట్ లైసెన్సుకు కనీస వయసు 16, కమర్షియల్ లైసెన్సుకు 18. కమర్షియల్ లైసెన్సుకు 200 గంటలు ఎగరాలి, ఖర్చు అర కోటి చుట్టూ ఉంటుంది. ఆ డబ్బు లేని ఇళ్లకు ఎన్‌డీఏ, అంటే సైనిక అధికారుల శిక్షణ ఇచ్చే నేషనల్ డిఫెన్స్ అకాడమీ, పెద్ద దారి. ఇంటర్ ఎంపీసీతో పరీక్ష రాయొచ్చు, శిక్షణకు డబ్బు కట్టనక్కర్లేదు, 2022 నుంచి అమ్మాయిలనూ తీసుకుంటున్నారు. ఆడపిల్లలకు మనవల్ల కాదేమో అన్న సందేహం ఉంటే, 1936లోనే సరళా ఠుక్రాల్ లైసెన్సు తీసుకున్నారని, 2016లో అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ యుద్ధవిమాన పైలట్లయ్యారని పేర్లతో సహా చెప్పండి.

ఏవియేషన్ కోర్సు అని బోర్డు పెట్టిన ప్రతి సంస్థా పైలట్ శిక్షణ ఇవ్వదు. పౌర విమానయానాన్ని నియంత్రించే కేంద్ర సంస్థ డీజీసీఏ గుర్తింపు ఉన్న ఫ్లయింగ్ స్కూళ్ల జాబితా డీజీసీఏ వెబ్‌సైట్‌లోనే ఉంటుంది, ఫీజు కట్టే ముందు తల్లిదండ్రులు అది చూడాలి. ఇంకా ముఖ్యమైనది వైద్య పరీక్ష. కళ్లద్దాలుంటే పౌర విమానాల పైలట్ కాలేరన్నది నిజం కాదు, రంగులు గుర్తించడంలో లోపం ఉంటే మాత్రం ఇబ్బందే. ముందు క్లాస్ 2, తర్వాత క్లాస్ 1 మెడికల్ పాసైన తర్వాతే పెద్ద మొత్తం కట్టమని చెప్పండి. పొలం అమ్మి ఫీజు కట్టాక మెడికల్‌లో ఆగిపోతే ఆ ఇల్లు తట్టుకోలేదు.